దండెం మీద ఎర్ర క్లిప్పు

ఆసుపత్రి పై అంతస్తులో, మందుల స్టోరుకీ మెట్లకీ మధ్య ఇరుక్కుని ఉన్న కంప్యూటరు గదిలో ఒక మనిషి పనిచేస్తాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు అతనికి ఒకటి ఉండే ఉంటుంది గానీ, జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా దానితో పనిపడలేదు. అందరూ అతన్ని నల్లతెర అంటారు. చాటున కాదు, ఎదురుగానే అంటారు. అతనూ పలుకుతాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. గదిలో మిగతావాళ్ళ కంప్యూటర్ల మీద రంగురంగుల బొమ్మలు, మీటలు ఉంటాయి. ఇతని తెర మీద మాత్రం నల్లటి నలుపు, నాలుగు తెల్ల అక్షరాలు, చివర మిణుకుమిణుకుమనే ఓ గీత. మౌసు ముట్టుకోడు. ఎవరైనా మౌసు పట్టుకుని అక్కడోసారి ఇక్కడోసారి నొక్కుతూ కనబడితే, "దేవుడు పది వేళ్ళిచ్చాడు, ఒక్క వేలితోనే ఎందుకు బతకడం?" అంటాడు. ఏ పనైనా సరే, కమాండు రాసి చేయాల్సిందే. ఆ తెర కూడా అతనికి తగ్గట్టే పొదుపుగా మాట్లాడుతుంది. పని అయితే ఒక ముక్క, కాకపోతే ఒక తిట్టు. ఇంట్లో మనుషులు కూడా అలా మాట్లాడితే ఎంత బాగుండునో అని అతనికి చాలాకాలంగా ఓ కోరిక. ఆ ఇంటి సంగతి తెలిసినవాళ్ళెవరూ అతనికి ఆశ కల్పించలేదు.

మనిషి మాత్రం చాలా మంచివాడు. ముక్కుసూటి. ఆసుపత్రి వివరాలన్నీ దాచే డేటాబేసుని కంటికి రెప్పలా చూసుకుంటాడు. దాన్ని మనం ఒక పెద్ద బీరువా అనుకుందాం. అందులో బోలెడు పట్టికలు. కొన్ని పట్టికలకి ట్రిగ్గర్లని ఉంటాయి. ట్రిగ్గరు అంటే బెదిరిపోవాల్సిందేమీ లేదు. పట్టికలో ఏదైనా ఒక వరస మారగానే, ఎవరూ చెప్పకుండా తనంతట తాను లేచి ఒక పని చేసేసే ఏర్పాటు. ఉదాహరణకి, కింద అంతస్తులో చెవుల విభాగం ఉంది. వినికిడి తగ్గినవాళ్ళకి అక్కడ చెవి మిషన్లు ఇస్తారు, వరస ప్రకారం. ఎవరి మిషనైనా తయారైందని అక్కడి డాక్టరమ్మ నమోదు చేసిందంటే చాలు, ట్రిగ్గరు లేస్తుంది, ఆ మనిషి ఫోనుకి మెసేజ్ పోతుంది. 'మీ మిషను సిద్ధం. వచ్చి తీసుకోండి.' డాక్టరమ్మకి ఫోన్లు చేసే బాధ లేదు, రోగులకి తిరిగే బాధ లేదు.

బాధంతా ఎక్కడంటే, పాత రికార్డులు తెచ్చి ఆ పట్టికలో పోసేటప్పుడు. ఒకసారి ఎవరో ట్రిగ్గరు ఆపకుండానే పోశారు. ఎప్పుడో మిషన్లు తీసుకున్నవాళ్ళందరికీ మళ్ళీ మెసేజ్‌లు పోయాయి. తెల్లారేసరికి గేటు దగ్గర జాతరలా జనం. ఒకాయన రెండో చెవికి కూడా ఇస్తున్నారేమోనని చంకలో పళ్ళ సంచీతో సహా వచ్చేశాడు. అక్కడిదాకా నవ్వుకోవచ్చు. కానీ ఒకామె వచ్చి, తండ్రి ఫోను చేతిలో పట్టుకుని, "ఆయన పోయి ఏడాదైందండీ, ఇప్పుడెందుకు?" అని అడిగి అక్కడే కూలబడి ఏడ్చింది.

కంప్యూటరు గదికి పెద్దగా ఉన్న ఆవిడని అందరూ పెద్ద మేడం అంటారు. ఆవిడ మర్నాడే బజారుకెళ్ళి ఎర్ర ప్లాస్టిక్ బట్టల క్లిప్పులు ఒక ప్యాకెట్ కొనుక్కొచ్చింది. కొత్త పద్ధతి ఏమిటంటే, పాత రికార్డులు పోసే ముందు ట్రిగ్గరు ఆపాలి. ఆపినవాడు ఆపిన క్షణంలో ఒక ఎర్ర క్లిప్పు తన చొక్కా కాలరుకి పెట్టుకోవాలి. మళ్ళీ ట్రిగ్గరు పెట్టేదాకా దాన్ని తీయకూడదు. ఆపడం మర్చిపోతే గొడవ వెంటనే తెలుస్తుంది, తిరిగి పెట్టడం మర్చిపోతే ఎప్పటికీ తెలియదు, అదీ ఆవిడ భయం. ఆ గదిలో ఎవరి మెడ దగ్గరైనా ఎర్రగా కనిపిస్తే, వెళ్ళే ముందు ఎవరో ఒకరు "అన్నా, మెడ" అని గుర్తుచేసేవారు. పద్ధతి బాగానే నడిచింది. పద్ధతి పెట్టిన పెద్ద మేడానికి ఒక్క విషయం తట్టలేదు. బట్టల క్లిప్పు అనేదానికి ఈ ప్రపంచంలో ఇంకో ఉపయోగం కూడా ఉంది.

ఇక ఇంటి సంగతి. నల్లతెర కాపురం మామగారింట్లోనే. మామగారు టైలరు. యూనిఫారాలు కుట్టే ఫ్యాక్టరీలో వయసంతా కుట్టుమిషన్ల హోరు మధ్య గడిపి, అక్కడ సంపాదించిన రెండింటితో ఇంటికొచ్చాడు. ఒకటి, ముందుగదిలో పెట్టుకున్న సొంత షాపు. రెండోది, చెవుడు. షాపు ఇప్పుడు కూతురు, అంటే నల్లతెర భార్య, నడుపుతోంది. చెవుడుని మాత్రం ఆయనే చూసుకుంటున్నాడు. తనకి వినపడదని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. ఎవరేం చెప్పినా "అవునవును" అని తలూపుతాడు. నలుగురూ నవ్వితే, ఒక్క రవ్వ ఆలస్యంగా తనూ నవ్వుతాడు. ఆ రవ్వ ఆలస్యం ఇంట్లో అందరికీ తెలుసు. తెలియనట్టు ఉంటారు.

నల్లతెర కూతురు వయొలిన్ నేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు వీధిలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. పక్కింటివాళ్ళు పిల్ల బుగ్గ గిల్లి, "రోజూ వాయించాలా తల్లీ?" అని ఎంతో ప్రేమగా అడిగారు. తల్లి కుట్టుమిషను కావాలని గట్టిగా తొక్కేది. తండ్రి ఆఫీసు నుంచి నెమ్మదిగా నడిచొచ్చేవాడు. కుర్చీ లాక్కుని పిల్ల ఎదురుగా కూర్చున్నది తాతయ్య ఒక్కడే. కమాను పైకీ కిందకీ పోతుంటే దాన్నే చూస్తూ మోకాలి మీద తాళం వేసేవాడు. ఆగిందని కనబడగానే "బ్రహ్మాండం తల్లీ" అనేవాడు. ఆ బ్రహ్మాండం కోసమే పిల్ల రోజూ వాయించింది, వేళ్ళు కాయలు కాచేలా.

ఒకరోజు దానికి అనుమానం వచ్చింది. కమానుని తీగలకి తగలకుండా గాలిలో ఆడించింది, మొదటినుంచి చివరిదాకా. తాతయ్య తాళం వేశాడు. అయిపోయాక "బ్రహ్మాండం తల్లీ" అన్నాడు.

పిల్ల ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. తల్లి ఎంత అడిగినా చెప్పలేదు. తండ్రికి మాత్రం చెప్పింది. "నాన్నా, తాతయ్య ఒక్కసారైనా నా పాట నిజంగా వినాలి. బళ్ళో కచేరీకి నేను ఒక్కదాన్నే వాయిస్తున్నా. అప్పటికి తాతయ్యకి చెవి మిషను వచ్చేలా చెయ్యవా?"

నల్లతెర మనసు కరిగిపోయింది. మామగారిని బతిమాలి, బామాలి, "కళ్ళజోడు పెట్టుకోలేదా, ఇదీ అంతే" అని చెవుల విభాగానికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ పరీక్ష చేసి, ఆయన చెవికి తగ్గట్టు మిషను సరిచేయడానికి కొంత సమయం పడుతుందని, కచేరీ లోపు అయిపోతుందని చెప్పింది. సిద్ధం కాగానే మెసేజ్ వస్తుందంది. మామగారికి ఫోను మోగితే వినపడదు కదా, అందుకని ఆ రోజునుంచీ ఫోనుని చొక్కా జేబులో, సరిగ్గా గుండె మీద పెట్టుకున్నాడు, వణికితే తెలుస్తుందని.

ఇంతవరకూ అన్నీ సవ్యంగానే ఉన్నాయి. అప్పుడొచ్చింది ఆ శుక్రవారం.

ఆ శుక్రవారం నల్లతెరకి పాత రికార్డులు పోసే పని పడింది. ఇంకో భవనంలో మూతపడిన చెవుల క్లినిక్కు తాలూకు వివరాలన్నీ తెచ్చి ఈ పట్టికలో కలపాలి. అతను వేళ్ళు విరుచుకుని, ఆల్టర్ టేబుల్ అంటూ మొదలుపెట్టి డిజేబుల్ ట్రిగ్గర్ అని కమాండు రాశాడు. తెర ఒక ముక్క జవాబిచ్చింది. ట్రిగ్గరు ఆగింది. వెంటనే క్లిప్పు తీసి కాలరుకి పెట్టుకున్నాడు. అందులో వంకపెట్టడానికి వీల్లేదు. రికార్డులు పోశాడు. ఒక్క మెసేజ్ కూడా బయటికి పోలేదు, పోయినవాళ్ళ ఇళ్ళలో ఒక్క ఫోనూ మోగలేదు. తృప్తిగా ఒళ్ళు విరుచుకున్నాడు. ఇక ఒక్క కమాండు రాస్తే చాలు.

సరిగ్గా అప్పుడు భార్య ఫోను. "ఏవండీ, పిల్ల వయొలిన్ తీగ తెగింది. ఇవాళ కొనకపోతే రెండ్రోజులు షాపు తెరవరట. ఉన్నపళంగా వెళ్ళండి."

ఉన్నపళంగా వెళ్ళాడు. గదిలో మిగతావాళ్ళు అప్పటికే భోజనానికో ఇంటికో పోయారు, "అన్నా, మెడ" అనేవాళ్ళు లేరు. తీగ కొన్నాడు. బస్సెక్కాడు. పక్కన కూర్చున్నావిడ అతని మెడకేసి చాలాసేపు చూసి, సంచీ ఒళ్ళోకి లాక్కుంది. ఇంటి గుమ్మంలో అడుగుపెట్టగానే భార్య నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"ఇదేంటండీ, మెడకి క్లిప్పు? ఊరంతా ఇలాగే తిరిగొచ్చారా?"

"అది ఆఫీసుది. ఉండనీ," అన్నాడు అతను, తీగ కోసం జేబులో వెతుక్కుంటూ.

"ఆఫీసులో బట్టలు కూడా ఆరేయిస్తున్నారా?" అంటూనే ఆవిడ దాన్ని ఊడబీకింది. టైలరు కూతురు ఆవిడ. గుండీ దొరికినా, క్లిప్పు దొరికినా వృథా పోనివ్వదు. పెరట్లో దండెం మీద నీలం క్లిప్పుల వరసలో ఎర్రదాన్ని కూడా చేర్చి తండ్రి తువ్వాలు ఆరేసింది. నల్లతెర లోపల పిల్లతో కలిసి తీగ బిగిస్తున్నాడు. తీగ బిగిసింది. ట్రిగ్గరు ఆగిపోయే ఉంది.

సోమవారం ఆఫీసుకెళ్ళాడు. కాలరు చూసుకున్నాడు, ఏమీ లేదు. క్లిప్పు లేదంటే ట్రిగ్గరు పెట్టేసినట్టే కదా. ఆ పద్ధతి మీద అతనికంత నమ్మకం. రంగురంగుల తెరలవాళ్ళకైతే ఆగిన ట్రిగ్గరు పక్కన ఎర్ర గుర్తు కనబడుతుంది. నల్లతెర మీద అలాంటి సోకులేమీ ఉండవు. అడిగితేనే చెబుతుంది. అతను అడగలేదు.

ఆ వారమంతా చెవుల విభాగం ప్రశాంతంగా గడిచింది. రోగులెవరూ రావట్లేదేమిటా అనుకుంటూ డాక్టరమ్మ చాలా రోజుల తరవాత తీరిగ్గా టీ తాగింది. రాని మెసేజ్ గురించి ఫిర్యాదు చేసేదెవరు? తమ మిషను సిద్ధమైందని తెలిస్తే కదా. ఇంట్లో మాత్రం ఒకాయన ఊరుకోలేదు.

"బాబూ, ఇది వణకడం లేదేమిటి?" అని మామగారు ఫోను తీసి చూపించేవాడు, రోజూ సాయంత్రం.

నల్లతెర ఆయనకి వినపడేలా గొంతు పెంచి చెప్పేవాడు. "మిషను తయారవ్వాలి కదా మామయ్యగారూ. అయిన క్షణంలో మెసేజ్ వచ్చేస్తుంది. ఆ సిస్టం చూసుకునేది నేనే. మీకేం భయం లేదు."

భార్య వంటింట్లోంచి అడిగేది. "మీ గది కిందే కదండీ ఆ చెవుల డాక్టరమ్మ. మెట్లు దిగి ఒక్కసారి అడిగి రారాదా?"

"వరసలో అందరికీ ఒకటే పద్ధతి. నేను అక్కడ పనిచేస్తున్నానని ముందుగా వెళ్ళి అడిగితే బాగుంటుందా?"

చెప్పానుగా, ముక్కుసూటి మనిషని. ఆ ముక్కు సూటిగా వెళ్ళి గోడకి తగిలేదాకా మలుపు తిరగదు.

కచేరీ రోజు వచ్చేసింది. మెసేజ్ రాలేదు. మామగారు తనే కుట్టుకున్న కొత్త చొక్కా తొడుక్కుని, జేబులో ఫోనుతో, ముందు వరసలో కూర్చున్నాడు. పిల్ల వేదిక మీదికొచ్చి ముందు తాతయ్య చెవుల వైపు చూసింది. రెండూ బోసిగా ఉన్నాయి. దాని మొహం చిన్నబోయింది. అయినా వాయించింది. మొదలు బాగానే సాగింది. మధ్యలో పాట పైకెక్కే చోట వేలు జారి, కీచుమని ఓ కరుకు శబ్దం వచ్చింది. హాల్లో అందరి భుజాలూ ఒక్కసారి బిగుసుకున్నాయి. పిల్ల తల దించుకుని మిగతాది ఎలాగో పూర్తిచేసింది.

కిందికి రాగానే తాతయ్య ఎదురెళ్ళి దాని తల నిమిరాడు. "బ్రహ్మాండం తల్లీ. ఒక్క తప్పు లేదు."

పిల్ల వయొలిన్ పెట్టెలో పెట్టి మూత వేసింది. ఇంటికొచ్చే దారంతా అందరికన్నా ముందు నడిచింది. నల్లతెరకి ఏం చెప్పి ఓదార్చాలో తెలియలేదు. మిషను ఇంకా సిద్ధం కాకపోతే తనేం చేయగలడని లోపల్లోపల సమాధానం చెప్పుకున్నాడు. ఆ సమాధానం అతనికే నచ్చలేదు.

మర్నాడు ఆదివారం. ఉదయం చినుకులు మొదలయ్యాయి. "బట్టలు తడిసిపోతున్నాయి, లేవండి," అని భార్య కేక. నల్లతెర పెరట్లోకి పరిగెత్తి, దండెం మీదివి ఒక్కొక్కటే లాగి భుజాన వేసుకుంటున్నాడు. నీలం క్లిప్పు, నీలం క్లిప్పు, నీలం క్లిప్పు. మామగారి తువ్వాలు దగ్గర చెయ్యి ఆగిపోయింది.

ఎర్ర క్లిప్పు.

చినుకులు పెద్దవైనా అతను కదల్లేదు. భార్య గుమ్మంలోంచి, "మీరూ అక్కడే ఆరతారా ఏంటి?" అంది. అతను లోపలికి రాకపోయేసరికి ఆవిడకే భయం వేసి బయటికొచ్చింది.

"దీన్ని ఎప్పుడు పెట్టావు ఇక్కడ?"

"మీ మెడకుంటే నేనే తీశా. తీగ తెచ్చిన రోజు. ఏమైందండీ?"

బట్టలన్నీ ఆవిడ చేతుల్లో కుమ్మరించి లోపలికెళ్ళి, భోజనాల బల్ల మీద లాప్‌టాప్ తెరిచి, నల్లతెరని ఒక ప్రశ్న అడిగాడు. ట్రిగ్గరు పెట్టి ఉందా, లేదా? తెర ఒక్క ముక్కలో చెప్పింది. లేదు. ఇంకో ప్రశ్న అడిగాడు. మామగారి వరస చూపించు. చూపించింది. మిషను సిద్ధం. కచేరీకి ముందే సిద్ధం. అతని గది నుంచి మెట్లు దిగితే చాలు, కింద బీరువాలో కూర్చుని ఉంది. ఆయనొక్కడిదే కాదు, ఇంకా చాలామందివి. వాళ్ళందరూ కూడా ఎక్కడో జేబుల్లో ఫోన్లు పెట్టుకుని వణుకు కోసం ఎదురుచూస్తూ ఉంటారు.

అతనికి తల కొట్టేసినట్టయింది. ముందు భార్యకి చెప్పాడు. తరవాత పిల్లని పిలిచి దానికీ చెప్పాడు. మామగారు ఎదురుగా కూర్చుని, విషయమేమిటో తెలియకపోయినా, అవునవునని తలూపాడు. పిల్ల అంతా విని, "అంటే తాతయ్య వినుండేవాడా?" అని ఒక్కటే అడిగింది. ఆ ప్రశ్నకి తెర ఇచ్చే ఒక ముక్కా, ఒక తిట్టూ రెండూ జవాబు కావు.

"ముందు పెట్టేస్తా," అని తండ్రి గబగబా ఎనేబుల్ అని రాసి మీట నొక్కాడు. తెర అయిందని చెప్పింది. అందరూ మామగారి జేబుకేసి చూశారు. అందరూ చూస్తున్నారని ఆయన కూడా వంగి తన జేబుకేసి చూసుకున్నాడు. జేబు కదల్లేదు.

"రాలేదుగా," అంది పిల్ల.

"రాదమ్మా. ఆగి ఉన్నప్పుడు జరిగినవాటిని అది వెనక్కెళ్ళి చూడదు. ఇకమీద ఏదైనా మారితేనే లేస్తుంది."

"అచ్చం మీలాగే," అంది భార్య.

ఆ మాట పడి తీరాల్సిందే కాబట్టి పడ్డాడు. జరిగిపోయిన వరసల్ని ఒక్కొక్కటీ మళ్ళీ తట్టాలి. ఉన్నదాన్నే మళ్ళీ రాసినట్టు రాయాలి. అప్పుడు ట్రిగ్గరు మార్పేదో వచ్చిందనుకుని లేస్తుంది. కానీ అదే పట్టికలో శుక్రవారం పోసిన పాత రికార్డులు కూడా ఉన్నాయి. చెయ్యి జారి వాటినీ తట్టాడంటే మళ్ళీ గేటు దగ్గర జనం, మళ్ళీ తండ్రి ఫోను పట్టుకుని ఓ కూతురు. ఒక్కడే చేయడానికి ధైర్యం చాలక పెద్ద మేడానికి ఫోను చేసి, జరిగింది జరిగినట్టు చెప్పాడు.

ఆవిడ ముందు అడిగింది ఒక్కటే. "క్లిప్పు ఏమైంది?"

"దండెం మీద ఉంది మేడం."

"దండెం మీద దేనికి?"

"మా మామయ్యగారి తువ్వాలుకి."

ఆవిడ కోపాన్ని మింగుతోందో నవ్వుని మింగుతోందో అతనికి అర్థం కాలేదు. "సరే. కమాండు రాసి, నొక్కకుండా, నాకు చదివి వినిపించు. ముందు ఎన్ని వరసలు తగులుతాయో లెక్క చూడు."

అతను ఒక్కో ముక్కా గట్టిగా చదివాడు. ఏ వరసలు, ఎప్పటినుంచి, ఎవరు నమోదు చేసినవి, తను పోసినవి కాకుండా. భార్య కుట్టు ఆపి వింది. పిల్ల తండ్రి భుజం మీదుగా తెరకేసి చూసింది. తను పోసినవి కాకుండా అనే ముక్కని పెద్ద మేడం రెండుసార్లు చదివించింది. "ఊ. కానివ్వు," అంది. నొక్కాడు.

మామగారు ఉలిక్కిపడి గుండె పట్టుకున్నాడు. ఫోను తీసి దూరంగా పెట్టి చదువుకున్నాడు. మెల్లగా మొహం విప్పారింది. "బాబూ, నువ్వు చెప్పినట్టే వచ్చేసింది. మీ సిస్టం గొప్పది."

నల్లతెర ఆయన పక్కన కూర్చుని, గొంతు పెంచి, జరిగిన తప్పంతా చెప్పుకున్నాడు. పెద్దాయన ఎంత విన్నాడో ఏమో, అల్లుడి చెయ్యి పట్టుకుని, "పోనీలే బాబూ" అన్నాడు. ఆ పోనీలే అతనికి భార్య మాటలకన్నా ఎక్కువ గుచ్చుకుంది.

సోమవారం నలుగురూ కలిసే వెళ్ళారు. చెవుల విభాగంలో కూర్చోవడానికి చోటు లేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లు. టీ తాగే తీరిక పోయిన డాక్టరమ్మ నల్లతెరని చూసి ఏదో అనబోయి, పక్కనున్న పెద్దాయన్ని చూసి ఆగింది. మిషను పెట్టి, సరిచేసి, పంపించింది.

ఇంటికొచ్చేసరికి మామగారికి ఫ్యాను వినబడింది. చాలాసేపు తలెత్తి దాన్నే చూశాడు. తరవాత కూతురు మాట్లాడితే ఉలిక్కిపడ్డాడు. "అమ్మా, నీ గొంతు ఇంత పెద్దదా?"

"మీకోసమే పెంచుకున్నా నాన్నా," అంది ఆవిడ, సగం గొంతుతోనే.

ఎవరూ చెప్పకుండానే పిల్ల వయొలిన్ తీసింది. తాతయ్య అలవాటు కొద్దీ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. నల్లతెర తలుపు దగ్గర నిలబడ్డాడు, లోపలికి రావడానికి మొహం చెల్లనట్టు. పిల్ల కచేరీలో వాయించినదే మొదలుపెట్టింది. ఈసారి తాతయ్య కమానుకేసి చూడలేదు. కళ్ళు మూసుకున్నాడు. తాళం వేసే చెయ్యి మోకాలి మీద కదలకుండా ఉండిపోయింది.

పాట పైకెక్కే చోట మళ్ళీ వేలు జారింది. మళ్ళీ అదే కరుకు.

తాతయ్య కళ్ళు తెరిచి, ఫ్యాక్టరీలో లైను ఆపినట్టు చెయ్యి పైకెత్తాడు. "ఆగు. అక్కడ కుట్టు వదిలింది."

పిల్ల కమాను దించింది. ఇప్పుడు ఏడుస్తుందని నల్లతెర తలుపు వదిలి ఒక అడుగు లోపలికేశాడు.

"ఆ రోజు బళ్ళో కూడా ఇక్కడే కదూ?" అన్నాడు తాతయ్య. "నువ్వు తల దించావు. నేను చూశా."

"మరి ఒక్క తప్పు లేదన్నావేం తాతయ్యా?"

"వినపడలేదని చెప్పుకోవడానికి సిగ్గేసింది తల్లీ. ఇన్నాళ్ళూ సిగ్గే."

పిల్ల కళ్ళు తుడుచుకుంటూనే నవ్వింది. వచ్చి ఆయన మెడ కావిలించుకోబోయి, చెవి మిషను ఊడిపోతుందని భయపడి ఆగింది. "మళ్ళీ వాయించనా?"

"మొదట్నుంచి వద్దు. ఆ చోటు నుంచే."

వాయించింది. తాతయ్య చెయ్యి లేచింది. మళ్ళీ వాయించింది. మళ్ళీ లేచింది. వీధిలో కిటికీలు ఒక్కొక్కటే మూసుకున్నాయి. ముందుగదిలోంచి తల్లి, "ఏవండీ, ఆ మిషనుకి ఆపే మీట ఎక్కడుందో కాస్త చూడండి" అని కేకేసింది. నల్లతెర గబుక్కున మెడ తడుముకుని, "వద్దులే, మళ్ళీ పెట్టడం ఎవరు గుర్తుపెట్టుకుంటారు?" అని వచ్చి మామగారి పక్కన నేల మీద కూర్చున్నాడు. ఆ సాయంత్రం పాట చివరిదాకా వెళ్ళనే లేదు. పిల్ల ఆ ఒక్క చోటే పట్టుకుని దీపాలు పెట్టేదాకా వాయించింది. తాతయ్య ఒక్కసారి కూడా బ్రహ్మాండం అనలేదు.